పదోన్నతి పరీక్షల గైడ్లు: లోపం పుస్తకానిదా, ప్రశ్నపత్రానిదా?

హెడ్ కానిస్టేబుల్, పల్నాడు జిల్లా

మిత్రులకు నమస్కారం. 2024 జులై 1న మూడు కొత్త క్రిమినల్ చట్టాలు (ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ అనే భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ అనే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సాక్ష్య చట్టం స్థానంలో బీఎస్‌ఏ అనే భారతీయ సాక్ష్య అధినియం) అమల్లోకి వచ్చాక, పదోన్నతి పరీక్షల కోసం మనం కొంటున్న గైడ్లకు అట్టలైతే మారాయి గానీ లోపలి పాఠాలు మారలేదన్నది నా అభియోగం. నేను చూసిన గైడ్లలో కొత్త చట్టమంటే రెండు వరుసల పట్టిక మాత్రమే. ఎడమవైపు పాత సెక్షను, కుడివైపు కొత్త సెక్షను, మధ్యలో సమాన గుర్తు. ఎఫ్‌ఐఆర్ నమోదునే తీసుకోండి. ‘సీఆర్‌పీసీ 154 = బీఎన్‌ఎస్‌ఎస్ 173’ అని బట్టీ పట్టినవారికి, మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలు 173(3)లో ఉన్నదని ఎలా తెలుస్తుంది? కస్టడీ గురించిన ‘167 = 187’ కూడా అంతే. పోలీసు కస్టడీ మొదటి 15 రోజుల్లోనే అని మనం నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ 15 రోజులనే, నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో, విడతలుగానైనా కోరవచ్చు. రిమాండ్ రిపోర్టు రాసేవారికి ఇంతకంటే ముఖ్యమైన మార్పు మరొకటి ఉంటుందా?

ఇక మాదిరి పంచనామా సంగతి. సోదా, స్వాధీనం జరిగే తీరునంతా ఆడియో వీడియోలో రికార్డు చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 105 చెబుతుండగా, నా దగ్గరున్న గైడులోని మాదిరి పంచనామా ‘మధ్యవర్తుల సమక్షంలో’ అని మొదలై, వాళ్ల సంతకాలతో ముగుస్తుంది. రికార్డింగు ఎవరు చేశారు, ఏ ఫోనుతో చేశారు, ఆ ఫైలును మేజిస్ట్రేటుకు ఎప్పుడు పంపారు అన్న ముక్క ఒక్కటీ అందులో లేదు.

స్టేషన్ రైటర్, నల్గొండ

అన్నా, మీరు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. అయితే బందోబస్తు, కోర్టు డ్యూటీ, రాత్రి గస్తీ ముగించుకొని ఇంటికి చేరే మనిషిని 531 సెక్షన్ల బీఎన్‌ఎస్‌ఎస్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవమనడం న్యాయమేనా? సర్వీసంతా ఐపీసీ 302 అంటే హత్య అని నోటికి అలవాటైనవారికి ఇప్పుడది బీఎన్‌ఎస్ 103(1) అయింది. బీఎన్‌ఎస్‌లో 302 అంటే మత మనోభావాలను గాయపరిచే మాటలు. సీఆర్‌పీసీలో 173 ఛార్జిషీటు, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 173 ఎఫ్‌ఐఆర్. ఇంత గందరగోళంలో పట్టిక లేకుండా ఎవరైనా ఎలా నెట్టుకొస్తారు? జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి ‘సంకలన్’ యాప్‌లోనూ పాత, కొత్త సెక్షన్లను జతపరిచే ఇచ్చారు కదా!

న్యాయవాది, విజయవాడ

రైటర్ గారూ, ఆ యాప్‌లో సెక్షను పూర్తి పాఠం కూడా ఉంటుంది. గైడులో అంకె తప్ప మరేమీ ఉండదు. పట్టిక ఉండడాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు, పట్టికతోనే సరిపెట్టడాన్ని తప్పుపడుతున్నారు.

నేను చెప్పదలచినది వేరొక లోపం. అమల్లో లేని నిబంధనలను అమల్లో ఉన్నట్టు అచ్చు వేయడం. ప్రమాదంలో మనిషి చావుకు కారణమై, సమాచారం ఇవ్వకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష విధించే బీఎన్‌ఎస్ 106(2)ను, మిగతా సంహితను అమల్లోకి తెచ్చిన నోటిఫికేషనులోనే కేంద్రం మినహాయించింది. అది గమనించకుండా ఆ శిక్ష ఎంతో చెప్పమని నమూనా ప్రశ్న ఇచ్చిన గైడును నేను చూశాను. ఇది కొత్త జబ్బేమీ కాదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. ఆ తరువాత కూడా దాని కింద కేసులు నమోదవుతున్నాయని 2021లో అదే కోర్టు విస్తుపోయింది. చెల్లని సెక్షను పుస్తకంలో బతికి ఉన్నంత కాలం స్టేషనులోనూ బతికే ఉంటుంది.

విశ్రాంత ఇన్‌స్పెక్టర్, కర్నూలు

అందరూ గైడు మీదనే పడుతున్నారు గనుక రెండో వైపు కూడా చెప్పాలి. గైడు తయారు చేసేవాడు పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకొని రాస్తాడు. ‘దొంగతనానికి శిక్ష ఏ సెక్షను?’ అని అడిగినన్నాళ్లూ అతడు 303(2) అని గళ్లలో నింపి అమ్ముతాడు, కొనేవారు కొంటారు. అదే పరీక్షలో ఇలా అడగండి: 62 ఏళ్ల వ్యక్తి మీద మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరారోపణ ఉంది, వారెంటు లేకుండా అరెస్టు చేయాలంటే మీరు ముందుగా ఏం చేయాలి? డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి తీసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 35(7)లో ఉంది. ఇటువంటి ప్రశ్నలు నాలుగు వస్తే చాలు, మరుసటి ముద్రణకే గైడు తనంత తాను మారుతుంది.

హెడ్ కానిస్టేబుల్, పల్నాడు జిల్లా

సార్, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ప్రశ్న చెడ్డదైనంత మాత్రాన తప్పు జవాబు అచ్చు వేసే హక్కు ఎవరికీ రాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టంలోని 65బీ సర్టిఫికెట్ నమూనానే, పైన ‘సెక్షను 63’ అని శీర్షిక మార్చి వేశారు. బీఎస్‌ఏ 63 కింది కొత్త నమూనాకు రెండు భాగాలు. ఒకటి పరికరాన్ని దాఖలు చేసేవారు, రెండోది నిపుణుడు నింపాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడు) రాయాలి. ఈ పొరపాటును ఏ ప్రశ్నపత్రం మీదకు నెడదాం? పరీక్షలో ఒక మార్కు పోతే పోనీయండి, ఆ నమూనాతో కోర్టుకు వెళ్తే సీసీటీవీ ఫుటేజీ మీదనే అభ్యంతరం వస్తుంది.

స్టేషన్ రైటర్, నల్గొండ

సర్టిఫికెట్ విషయం ఒప్పుకుంటున్నాను అన్నా. అయితే వకీలు గారిని ఒకటి అడుగుతాను. మోసం 2024 మేలో జరిగింది, బాధితుడు ఆగస్టులో స్టేషనుకు వచ్చాడు. ‘పాత నేరానికి పాత చట్టం’ అని నా గైడులో ఒక్క వాక్యం ఉంది. అంటే ఎఫ్‌ఐఆర్ కూడా 154 కిందనే కట్టాలా?

న్యాయవాది, విజయవాడ

కాదండీ. నేరం మేలో జరిగింది గనుక సెక్షను ఐపీసీ 420. ఫిర్యాదు ఆగస్టులో అందింది గనుక నమోదు, దర్యాప్తు బీఎన్‌ఎస్‌ఎస్ ప్రకారం, అంటే 173 కింద. జులై 1 నాటికే దర్యాప్తు నడుస్తున్న కేసులు మాత్రం అదే చట్టంలోని 531(2) ప్రకారం పాత పద్ధతిలోనే సాగుతాయి. మీ గైడులో ఆ ఒక్క వాక్యం పక్కన ఈ రెండు ముక్కలు పెన్నుతో రాసుకోండి.