సమోవన్లనూ ఐస్‌లాండర్లనూ జనగణన డేటాలో ఎలా పోల్చాలి?

అమెరికాలోని సమోవన్, ఐస్‌లాండిక్ వలస సమాజాల ఆదాయం, చదువు, సొంతిల్లు పోలుస్తున్నాను. అమెరికా జనగణన సంస్థ ఏటా చేసే అమెరికన్ కమ్యూనిటీ సర్వే నుంచి, 5 ఏళ్లవి కలిపి ఇచ్చే డేటా తీసుకున్నాను.

మొదట 'విదేశాల్లో పుట్టినవారు' అని ఫిల్టర్ పెట్టాను. పసిఫిక్‌లో అమెరికా పాలనలో ఉన్న అమెరికన్ సమోవా దీవుల్లో పుట్టినవాళ్లంతా లెక్కలోంచి పోయారు. పుట్టుకతో పౌరసత్వం రాకపోయినా ఈ సర్వే వాళ్లను స్థానికులుగానే చూస్తుంది. ఐస్‌లాండ్‌లో పుట్టినవాళ్లేమో మరీ తక్కువమంది.

తర్వాత సమోవన్లను జాతి ప్రశ్న నుంచి, ఐస్‌లాండర్లను పూర్వీకుల ప్రశ్న నుంచి తీశాను. ఇక్కడే టెన్షన్. యూటాలోని స్పానిష్ ఫోర్క్‌కు ఐస్‌లాండర్లు 1855లోనే వచ్చారు. వాళ్ల మునిమనవళ్లను, 1951లో అమెరికన్ సమోవాలోని పాగో పాగో అమెరికా నౌకాస్థావరం మూతపడ్డాక వచ్చిన కుటుంబాల పక్కన పెడితే సమోవన్లకు అన్యాయమే.

పుట్టినచోటు, జాతి, పూర్వీకులు: వీటిలో దేన్ని ఆధారం చేసుకుంటే రెండు సమాజాల పోలిక సరిగ్గా వస్తుంది?