మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడం ఆపాలా, ఉండాలా?

బెజవాడ నాన్న:
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటోంది. నెల కిందట వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గాయని కింది సెక్షన్‌కి దించారు. పరుపు, పుస్తకాలు మోసుకుని వేరే ఫ్లోర్‌కి మారింది. ఆదివారం ఫోన్లో "ఏం తిన్నావమ్మా" అంటే "ఏదో ఒకటి" అంటోంది, అంతే. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చి చనిపోయిన అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇలా బ్యాచ్‌లు విడదీయొద్దంది కదా?

ఫిజిక్స్ మాస్టారు:
"వీలైనంత వరకు" అని కూడా అందండి. అందరూ ఆ మాట వదిలేస్తారు. పదకొండేళ్లు పాఠం చెప్పాను. ఎనభై మందిలో సగం మందికి వెక్టర్సే అర్థం కావు, మిగతా సగం ఆవలిస్తుంటారు. వెనకబడ్డ పిల్లలకి నెమ్మదిగా చెప్పాలంటే విడిగా కూర్చోబెట్టాల్సిందే.

కింది సెక్షన్ పూర్వ విద్యార్థి:
నెమ్మదిగా చెప్పడానికి మాకు ఎవరొచ్చారు సార్? కొత్తగా చేరినవాళ్లు. మీరు ఏ సెక్షన్‌కి చెప్పేవాళ్లు?

ఫిజిక్స్ మాస్టారు:
పై సెక్షన్‌కే. ఒప్పుకుంటా.

పెద్దాయన:
ఒక్క టెస్టుకే ఇలాగైతే రేపు ఉద్యోగంలో ఏం చేస్తారు? గట్టిపడనివ్వండి.

మాజీ కౌన్సెలర్:
వంద మంది, ఆపైన విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలనీ అదే తీర్పులో ఉంది. నేనూ ఒకచోట చేశాను. నా గది డీన్ గది పక్కనే. వచ్చిన పిల్లల పేర్లు రిజిస్టర్లో రాయాలి, సాయంత్రానికి అది ఆయన బల్ల మీద ఉండాలి. ఇంకెవరొస్తారు చెప్పండి? సెక్షన్లు తీసేసినా ఆ రిజిస్టర్ ఉన్నన్నాళ్లూ పిల్లలు నోరు విప్పరు.

నాన్నగారూ, సెక్షన్ గొడవ తర్వాత. ఔటింగ్ అడిగి రెండు రోజులు ఇంటికి తెచ్చుకోండి. మార్కుల ఊసెత్తొద్దు. నిద్ర పడుతోందా, స్నేహితులతో మాట్లాడుతోందా చూడండి. బతకాలని లేదా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు. ఉందంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

బెజవాడ నాన్న:
వార్డెన్‌కి ఇప్పుడే చేశా. సోమవారం యూనిట్ టెస్టు ఉంది, కుదరదన్నాడు. రేపు పొద్దున బస్సుకి నేనూ వాళ్లమ్మా వెళ్తున్నాం. పెద్దాయనా, గట్టిపడటం సంగతి తర్వాత చూద్దాం.