కువైట్ బాగుందా లేదా? ఉదయగిరి, కనిగిరి వైపు వాళ్ళు నిజం చెప్పండి

వరికుంటపాడు కుర్రోడు
డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నా. మామ వరసయ్యే ఒకాయన కువైట్‌లో హౌస్ డ్రైవర్ వీసా ఉందంటున్నాడు. నెలకు 100 దినార్లు, తిండి, గది వాళ్ళవే. ఈమధ్య అక్కడ కరెంటు కోతలంట, దేశం పని అయిపోయిందంట అని కొందరు భయపెడుతున్నారు. సెలవుకు వచ్చినోళ్ళు మాత్రం అంతా బ్రహ్మాండం అంటారు. అక్కడ ఉన్నోళ్ళు, ఉండి వచ్చినోళ్ళు చెప్పండి. ఆ దేశం డబ్బుపరంగా ఎట్లా ఉంది, మనిషి బతకడానికి ఎట్లా ఉంది?

ఫర్వానియా డ్రైవర్
తమ్ముడూ, నేను 2010లో హౌస్ డ్రైవర్‌గా కువైట్ వచ్చాను, ఇంకా ఇక్కడే ఉన్నా. పని అయిపోయిందనేవాళ్ళు ఎవరూ ఇక్కడ లేరు, అందరూ ఊళ్ళో అరుగు మీద కూర్చున్నోళ్ళే. నేను వచ్చినప్పుడు దినారు 160 రూపాయలు. ఇప్పుడు 270 దాటింది. ప్రపంచంలో ఇంతకంటే విలువైన కరెన్సీ ఇంకోటి లేదు. జీతం మీద పన్ను ఒక్క రూపాయి కట్టను. పెట్రోలు లీటరు 85 ఫిల్స్, అంటే 23 రూపాయలు. నెల్లూరులో ఎంతో మీరే చూసుకోండి. కోతలంటారా, 2024 జూన్‌లో కొన్ని ఏరియాల్లో మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు తీశారు. ఎండ దెబ్బకు ఏసీల వాడకం పెరిగిపోయి తీశారు. దానికే దేశం మునిగిపోయినట్టా? మా ఊళ్ళో గాలి గట్టిగా వీస్తే పూట పూటంతా కరెంటు ఉండదు, అప్పుడు మన దేశం మునిగిందని ఎవరైనా అన్నారా?

విడవలూరు గుంటలు
పెట్రోలు 23 రూపాయలా! ఇక్కడ 109 పెట్టి బండికి పెట్రోలు పోసుకుంటున్నాం, రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిప్పే జనరేటర్‌కు డీజిలు వేరే. అది దేశమంటే.

దుత్తలూరు బిడ్డ
అన్నా, మీరు హౌస్ డ్రైవర్ అన్నారు కదా. ఆ పెట్రోలు పోసేది యజమాని కారులో. మీకు అందులో ఏం మిగిలింది?

దినారు సంగతి కూడా చెబుతా. నేను బీకాం చదివాను, లెక్క వేసే అడుగుతున్నా. మీరు వచ్చినప్పుడు జీతం ఎంత, ఇప్పుడెంత? దినార్లలో చెప్పండి, రూపాయల్లో వద్దు.

ఫర్వానియా డ్రైవర్
అప్పుడు 90. ఇప్పుడు 120. దాచుకోవాల్సిందేం లేదు. 90 అంటే అప్పట్లో 14,400 రూపాయలు, ఇప్పటి 120 అంటే 32 వేల పైన. మా మండలంలో డిగ్రీ చదివినోడికి నెలనెలా 32 వేలు ఇంటికి పంపే ఉద్యోగం చూపించమ్మా, రేపే టికెట్ తీసుకుంటా.

దుత్తలూరు బిడ్డ
చూశారా? ఇన్నేళ్ళకు ఆ దేశం మీకు పెంచింది 30 దినార్లు. మిగతా పెరుగుదలంతా మన రూపాయి పడిపోయి వచ్చింది. కువైట్ దినారు విలువను వాళ్ళ సెంట్రల్ బ్యాంకు కొన్ని దేశాల కరెన్సీలకు ముడిపెట్టి నిలబెడుతుంది. 1961లో దినారు పుట్టకముందు అక్కడ చెల్లింది మన రిజర్వు బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయే, పదమూడుంపావు రూపాయలకు కాస్త పైన ఇస్తే ఒక దినారు. దినారు పెద్దదైతే పనోడి బతుకు పెద్దదైనట్టు కాదు. ఆ దేశం కూరగాయల కొట్లో ఖర్చు పెట్టేది దినారే కదా, అక్కడ ఉండేవాడికి దాని రూపాయి విలువతో ఏం పని?

కావలి బాయ్
అక్క పాయింట్ కరెక్ట్.

విడవలూరు గుంటలు
పాయింట్ కరెక్టే కానీ పెట్రోలు 23 అనేది కూడా నిజమే కదా. బిల్లు యజమాని కట్టినా దేశం రేటు దేశం రేటే. పైగా ఆ దేశానికి అప్పుల బాధ లేదు, నూనె డబ్బంతా ఫండ్‌లో దాచిపెట్టారు. మా సంగతి చూడండి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేయగానే రొయ్య రేటు పడిపోయింది. మేత బాకీలు తీరక, పట్టుబడి చేయాలా గుంటలో ఉంచాలా తెలియక నిద్రపోలేదు. ఎక్కడో వాళ్ళు సంతకం పెడితే ఇక్కడ మేం కూలిపోతున్నాం. కువైట్‌కు అలాంటి టెన్షన్ ఉందా?

దుత్తలూరు బిడ్డ
ఎందుకు లేదు? వాళ్ళ ప్రభుత్వ ఆదాయంలో సుమారు 90 శాతం నూనె మీదే. బ్యారెల్ రేటు పడితే ముందు కోత పెట్టేది విదేశీయుల మీద. మీరు చెప్పిన ఫండ్‌కు పేరేంటో తెలుసా? రాబోయే తరాల నిధి. 1976లో పెట్టారు. ఆ తరాలు ఎవరి పిల్లలు? అక్కడ ముప్పై ఏళ్ళు చాకిరీ చేసినా మన పిల్లలు ఆ లెక్కలోకి రారు. దేశం డబ్బున్నదా అంటే ఉంది. ఆ డబ్బులో మన వాటా ఎంత అన్నది ఈ తమ్ముడు అడగాల్సిన ప్రశ్న.

నెల్లూరు నర్సు
నేను కువైట్‌లో ఆస్పత్రిలో పనిచేస్తున్నా. ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతా. మా ఆయన, పిల్లలు నా దగ్గరే ఉన్నారు. పిల్లలు సీబీఎస్‌ఈ స్కూల్లో చదువుతున్నారు. నైట్ డ్యూటీ అయ్యాక ఒంటరిగా బస్టాపులో నిలబడతా, ఎవరూ నావైపు తిరిగి చూడరు. ఆ నిశ్చింత నాకు నెల్లూరులో లేదు. నా వరకు ఇది మంచి దేశమే. కష్టాలు లేవని కాదు. 2022 డిసెంబరు నుంచి ప్రభుత్వ క్లినిక్‌లలో విదేశీయులు మందులకు 5 దినార్లు కట్టాలన్నారు, కడుతున్నాం. ఉద్యోగం ఉన్నంతకాలమే మేం ఇక్కడ, అది తెలిసే ఉన్నాం. ఒక దేశంలో ఉంటూ రోజూ దాన్ని తిట్టుకుంటే మనసు పాడవుతుంది.

దుత్తలూరు బిడ్డ
అక్కా, మీరు చూసిన కువైట్ వేరు. 2024 జనవరిలో పెట్టిన రూలు ప్రకారం భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే నెలజీతం 800 దినార్లు ఉండాలి. 120 దినార్ల మనిషికి ఆ గడప ఈ జన్మలో దాటేది కాదు.

మా అమ్మ ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వెళ్ళింది. మెట్ల కింద సామాన్ల గది, అందులోనే వాషింగ్ మెషీన్, దాని పక్కన పరుపు. మెషీన్ తిరుగుతుంటే నిద్రపట్టేది కాదని చెప్పేది. ఫోను రాత్రి పదకొండు తర్వాతే చేతికిచ్చేవాళ్ళు. 2015లో వాళ్ళే చట్టం చేశారు: పనిమనిషికి వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించి పని వద్దు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో నెలకు కనీసం 60 దినార్లు ఇవ్వాలని కూడా పెట్టారు. నాలుగూ బంగారం లాంటి మాటలు. ఆ ఇంట్లో ఒక్కటీ జరగలేదు. వారం సెలవు అడిగితే ‘నువ్వు బయటికెళ్ళి ఏం చేస్తావు’ అన్నారంట. ఫ్లోరు కడిగే మందుకు అరిచేతులు పగిలి, వచ్చినప్పుడు నా తల దువ్వుతుంటే వెంట్రుకలు ఆ పగుళ్ళకు పట్టుకునేవి. దేశంలో బతుకు ఎట్లా ఉందో పెట్రోలు బంకు దగ్గర చూస్తే కనపడదు. ఆ గదిలో చూడాలి.

కావలి బాయ్
😔

ఫర్వానియా డ్రైవర్
మీ అమ్మగారికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ అది ఆ ఇంటి తప్పు. మా బాబా, అంటే మా యజమాని, కిందటి రంజాన్‌కు నా కూతురి ఫీజు కట్టాడు. అట్లని కువైట్ వాళ్ళందరూ దేవుళ్ళని నేనంటున్నానా? ఒక ఇల్లు చూసి దేశాన్ని తూకం వేస్తే ఎట్లా? రోడ్లు చూడు, ఖుబూస్ రొట్టె ధర చూడు, అర్ధరాత్రి లక్షల బంగారం మెళ్ళో వేసుకుని తిరిగే ఆడవాళ్ళను చూడు.

దుత్తలూరు బిడ్డ
ఒక ఇల్లు కాదన్నా, ఒక వీసా. ఆర్టికల్ 20 అంటే ఇంటి పనోళ్ళు, ఆర్టికల్ 18 అంటే కంపెనీ పనోళ్ళు. రెండు చట్టాలు. నర్సక్క చెప్పిన కువైట్‌లోకి మీకు కూడా ప్రవేశం లేదు. 2024 జులై నుంచి సెప్టెంబరు దాకా 20 నుంచి 18కి మారే అవకాశం ఇచ్చారు కదా, మీరెందుకు మారలేదు?

ఫర్వానియా డ్రైవర్
కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు.

దుత్తలూరు బిడ్డ
ఫీజు కట్టిన దేవుడే కదా?

ఫర్వానియా డ్రైవర్
నోరు జాగ్రత్త. ఆ ఇంటి ఉప్పు నేను తింటున్నా, ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుసుకో.

పామూరు పెద్దాయన
పిల్లలూ, కాస్త ఆగండి. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం దిగినప్పుడు నేను కువైట్ సిటీలోనే ఉన్నా. రాత్రికి రాత్రి దేశమే లేకుండా పోయింది. బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కి వచ్చాం. అట్లా లక్షా డెబ్బై వేల మంది దాకా వచ్చారు. మళ్ళీ యుద్ధం ఆగగానే పాస్‌పోర్టు పట్టుకుని మద్రాసుకు పరిగెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నా. కారణం దినారు కాదు. పామూరులో నీళ్ళు లేవు.

విడవలూరు గుంటలు
తాతా, అప్పుడు పెట్రోలు ఎంత ఉండేది?

ఫర్వానియా డ్రైవర్
పెద్దాయన చెప్పిందే నా మాట. నేను కువైట్‌ను అమెరికాతోనో, మీరు చదివిన పుస్తకాల్లోని దేశాలతోనో పోల్చడంలేదు. మా మెట్ట చేనుతో పోలుస్తున్నా. రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ దుమ్ము లేచింది. వెలిగొండ నీళ్ళ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, అప్పుడు నేను బడికి పోతున్నా. ఆ నీళ్ళు మా చేనుకు వచ్చి ఉంటే నేను ఎవరి కారూ కడిగే పనిలేదు. తెల్లారకముందే లేచి దుమ్ము పట్టిన మూడు కార్లు కడుగుతా, నాకు సిగ్గు లేదు. ఆ డబ్బుతో చెల్లి పెళ్ళి చేశా, స్లాబు వేశా. నువ్వు ఆ దేశం చెడ్డదంటే నేను ఇన్నేళ్ళు చేసింది ఏమైనట్టు?

దుత్తలూరు బిడ్డ
మీరు చేసింది తప్పని నేను అన్లేదు. మీ మాటల వల్ల జరిగేది చెబుతున్నా. మా అమ్మ ప్రతి రెండేళ్ళకూ వచ్చేసేయాలనుకుంది. వచ్చిన ప్రతిసారీ వీధిలో మీలాంటివాళ్ళే, ‘కువైట్ బంగారం లాంటి దేశం, నీకేం తక్కువైంది’ అని. ఇంక ఆమె ఏం చెప్పగలదు? బాగాలేదంటే చేతకానిది అంటారు. అందుకని ఆమె కూడా బాగుంది అనే చెప్పింది. ఆమె మాట విని మా పిన్ని వెళ్ళింది. పిన్ని ఏడుస్తూ ఫోను చేస్తే మా అమ్మ తట్టుకోలేకపోయింది. మంగాఫ్‌లో 2024 జూన్ 12న బిల్డింగు తగలబడి 40 మందికి పైగా భారతీయులు పోయారు, ముగ్గురు మన ఆంధ్రావాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా ముందురోజు దాకా బాగుందనే అనుకుని ఉంటారు. గదిలో ఎంతమంది పడుకుంటున్నారో ఇంటికి చెప్పే మగాడు ఒక్కడుంటే చూపించండి.

ఫర్వానియా డ్రైవర్
చెప్పం. ఎందుకు చెప్పమో చెబుతా విను. ఊళ్ళో మా నాన్న చేతికి అప్పు పుట్టేది చేను చూసి కాదు, ‘కొడుకు కువైట్‌లో ఉన్నాడు’ అనే మాట చూసి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడు నేను ఇక్కడ సంతోషంగా ఉన్నానని నమ్మితేనే ఇస్తాడు. నా జీతం ఆపారని ఒక్క ఫోను వెళ్తే, మర్నాడు అప్పులోళ్ళంతా మా గడపలో కూర్చుంటారు. చెల్లి సంబంధం కుదిరింది కూడా ఆ మాట మీదే. కువైట్ బాగుంది అని నేను చెప్పేది కువైట్ కోసం కాదు. నువ్వు బీకాం చదివావు, ఉద్యోగం ఉంది, నిజం చెప్పినా నీకు పోయేదేం లేదు.

నిర్వాహకుడు
వ్యక్తిగత విషయాల్లోకి వెళ్ళొద్దు. అడిగిన కుర్రోడికి పనికొచ్చేది చెప్పండి.

దుత్తలూరు బిడ్డ
అప్పులోడికి మీరు ఏదైనా చెప్పుకోండి. ఈ పిల్లోడు మీకు అప్పివ్వలేదు కదా. అతనికెందుకు అదే మాట చెబుతున్నారు? రేపు అతను కూడా ఆ మాట మీదే అప్పు తెస్తాడు, ఇంకొకడికి అదే చెబుతాడు.

నెల్లూరు నర్సు
తమ్ముడూ, వీసా ఏ ఆర్టికల్ మీదో ముందు కనుక్కో.

వరికుంటపాడు కుర్రోడు
హౌస్ డ్రైవర్ అంటే 20 అనే అనుకుంటున్నా. అగ్రిమెంటు కాగితం ఇంకా చూపించలేదు. లక్షా యాభై వేలు అడుగుతున్నాడు. పత్రం అడిగితే ‘అక్కడికెళ్ళాక చూసుకుందాంలే’ అంటున్నాడు.

దుత్తలూరు బిడ్డ
లక్షా యాభైయా? లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీసు ఛార్జి 30,000 మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు, అది మన ప్రభుత్వం పెట్టిన హద్దు. మన ప్రభుత్వం ఈమైగ్రేట్ సైటులో ఏజెంటు లైసెన్సు నంబరు కొట్టి చూడు, అందులో లేకపోతే రూపాయి ఇవ్వకు. నన్నడిగితే వెళ్ళనే వద్దు.

ఫర్వానియా డ్రైవర్
కాగితం చూపించనోడికి దుడ్లు ఇవ్వొద్దు, అది నేనూ చెబుతున్నా. నీకు వరసైనోడైనా సరే. జీతం, సెలవు, గది, తిరుగు టికెట్ అన్నీ రాసున్న అగ్రిమెంటు ముందు చేతికి రావాలి. అది ఉంటే మాత్రం ఈ చెల్లెమ్మ మాట విని ఇంట్లో కూర్చోకు. 100 దినార్లంటే 27 వేలు.

దుత్తలూరు బిడ్డ
మళ్ళీ రూపాయల్లోనే చెప్పారు. వంద దినార్లు, మూడు కార్లు, వారానికి సెలవు ఉందో లేదో తెలియదు. అట్లా చెప్పండి.

ఫర్వానియా డ్రైవర్
నాకు సెలవు శుక్రవారం సగం పూట. రాసుకో తమ్ముడూ.