పాత ప్లాట్‌ఫామ్ గేముల (అంచు నుంచి అంచుకు గెంతుతూ ఆడేవి) తప్పులు సరిచేసి మళ్ళీ అమ్మాలా, ఉన్నవి ఉన్నట్టే వదిలేయాలా?

కొబ్బరితోట:
సంక్రాంతికి మావాడికి క్రాష్ బాండికూట్ మూడు గేముల సెట్టు కొనిచ్చాను. 2017లో కొత్త బొమ్మలతో మళ్ళీ చేశారే, ఎన్ సేన్ ట్రైలజీ, అది. 1996 నాటి మొదటి గేమును రాజమండ్రిలో మా బావగారింట్లో ప్లేస్టేషన్ మీద వేళ్ళు కాయలు కాసేలా ఆడినవాణ్ణి. ఆ ధీమాతోనే కూర్చున్నా. వంతెన లెవెల్లో పలక అంచు మీద కాలు పెడితే గేములోని క్రాష్ సర్రున జారి లోయలోకి పోయాడు. ఒకసారి కాదు, పదిసార్లు. వయసైపోయింది కాబోలు అనుకున్నాను. కాదట. కొత్తదాంట్లో క్రాష్ అడుగుభాగాన్ని మందుబిళ్ళ గొట్టంలా గుండ్రంగా పెట్టారట, అందుకని పాతదాంట్లో నిలబడే అంచు మీద ఇక్కడ జారతాడు. పైగా మూడో గేములోని జంప్‌ను ఆధారంగా తీసుకుని మొదటి గేముకూ అతికించారు. దాంతో మొదటిదాని దూరాలకు ఆ జంప్ చాలీచాలకుండా ఉంది. మావాడు మాత్రం "నాన్నా, నువ్వు ఆడలేవు" అని తేల్చేశాడు.

బాగుచేస్తామని కొత్త తప్పులు పెట్టి మళ్ళీ మన జేబుకే చిల్లు పెడుతున్నారు. ఉన్నది ఉన్నట్టు ఇస్తే చాలదా అండీ?

పులస:
వయసే గురువుగారూ, ఒప్పేసుకోండి 😄

లాకులసెంటర్:
అంచు గురించి చెప్పారు, బాగుంది. ఆ 1996 గేములో సేవ్ ఎలా ఉండేదో కూడా చెప్పాల్సింది. ఎప్పుడు పడితే అప్పుడు సేవ్ అయ్యేది కాదు. మూడు బొమ్మలు ఏరుకుని, బోనస్ రౌండుకెళ్ళి, అక్కడ పడిపోకుండా బయటపడితే అప్పుడు సేవ్. పడితే లేదు. ఇది గేము కష్టం కాదు, ఆడేవాడి టైము తినేయడం. కొత్తదాంట్లో దానంతట అదే సేవ్ అవుతుంది. అంత పెద్ద తప్పు దిద్దినవాళ్ళు ఒక అంచు గుండ్రంగా పెట్టారని మొత్తం వద్దంటే ఎలాగండీ?

కొబ్బరితోట:
అంచు చిన్న విషయం కాదు. ప్లాట్‌ఫామ్ గేమంటేనే అంచు. అది కాస్త తేడా కొడితే ఇక మిగిలేది బొమ్మలే.

ఇది కొత్త రోగమూ కాదు. 1993లో పాత మారియోలన్నీ కలిపి సూపర్ మారియో ఆల్ స్టార్స్ అని వేశారు. 1985 నాటి గేములో ఇటుకను తలతో కొడితే ఇటుక పగిలి మారియో టక్కున కిందికి వస్తాడు. 93లో ఇటుక పగిలాక కూడా పైకే పోతాడు! కింద పురుగుందని లెక్కేసుకుని కొడితే లెక్క తప్పుతుంది. 2010లో అదే గేమును నింటెండో వీ సెట్టు మీద మళ్ళీ అమ్మారు. ఆ ఇటుక అలాగే ఉంది. పదిహేడేళ్ళలో సరిచేసినవాళ్ళ తప్పును సరిచేసే నాథుడు దొరకలేదు.

లాకులసెంటర్:
మీరు తిట్టే ఆ 93 క్యాసెట్టులోనే ఆ పాత మారియోలకి సేవ్ పెట్టారు. ఏ లోకం దాకా వెళితే అక్కణ్ణుంచి మొదలెట్టొచ్చు. అది కనబడదు, ఇటుక కనబడుతుంది.

కొబ్బరితోట:
ఇటుక తప్పా కాదా? ఒక్క మాటలో చెప్పండి.

లాకులసెంటర్:
సేవ్ మంచిదా కాదా? మీరూ ఒక్క మాటలో చెప్పండి.

రొయ్యలచెరువు:
కాంట్రా ముప్పై లైఫుల కోడ్ ఎవరికన్నా గుర్తుందా? పైన పైన కింద కింద... తర్వాత?

పులస:
ఎడమ కుడి ఎడమ కుడి, బి ఏ. ఇంటర్ ఫార్ములా ఒక్కటీ గుర్తులేదు గానీ ఇది మాత్రం పోదు.

కంప్యూటర్ మాస్టారు:
ఇద్దరికీ నచ్చే దారి ఉంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989, జోర్డాన్ మెక్నర్ చేసినది. మన ఊళ్ళలో కంప్యూటర్ నేర్చుకున్న చాలామంది టైపింగ్ కంటే ముందు నేర్చుకున్నది అదే. దాని డాస్ (అప్పటి పీసీల) వెర్షన్‌ను విప్పి అభిమానులు ఎస్‌డీఎల్‌పాప్ అని చేశారు. పాత తప్పులు ఒక్కొక్కదానికీ విడిగా ఆన్, ఆఫ్ ఉంటుంది. కావాలంటే దిద్దుకోండి, వద్దంటే గోడల్లోంచి దూరిపోయే పాత విద్యలు అలాగే ఉంటాయి. వండర్ బాయ్ డ్రాగన్స్ ట్రాప్ 2017లో మళ్ళీ చేసినప్పుడు కూడా ఒక్క బటన్‌తో కొత్త బొమ్మల నుంచి పాత బొమ్మలకు మారొచ్చు. కొట్టుకోవాల్సిన పనేముంది?

కొబ్బరితోట:
మాస్టారూ, మీరు పెద్దవారు. కానీ సులువు దారి పక్కనే పెట్టి, కష్టం దారిలో ఎవడైనా వెళ్తాడంటే నేను నమ్మను.

2015లో మెగా మ్యాన్ పాత గేముల సెట్టు వేసినవాళ్ళు చూడండి. ఆ పాత నింటెండో మిషను ఒక వరసలో ఎనిమిది చిన్న బొమ్మముక్కల కంటే ఎక్కువ చూపలేదు, ఎక్కువైతే మిణుకుమిణుకుమనేవి, ఆట నెమ్మదించేది. వాళ్ళు ఆ మిణుకునూ నెమ్మదినీ కావాలనే ఉంచారు. అదీ గౌరవమంటే.

లాకులసెంటర్:
నెమ్మది అంటే గుర్తొచ్చింది. మీరు చిన్నప్పుడు ఆడింది అసలు మారియో అనుకుంటున్నారా? జపాన్, అమెరికా టీవీలు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారేది. మనవి పాల్ పద్ధతి, 50. టీవీకి పెట్టుకునే నకిలీ సెట్లు మన దగ్గర చాలావరకు ఆ 50 మీదే నడిచేవి. 60కి చేసిన ఆట 50లో ఆరోవంతు నెమ్మది, పాటతో సహా. మీ "ఉన్నది ఉన్నట్టు" అన్నదే ఉన్నట్టు లేదు.

మన ధవళేశ్వరమే తీసుకోండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. పాతబడితే బారేజీ కట్టుకున్నాం. పాతదే గొప్పని కూర్చుంటే డెల్టాకి నీళ్ళొచ్చేవా?

కొబ్బరితోట:
బారేజీ కట్టి "ఇదే పాత ఆనకట్ట" అని ఎవరూ అనలేదు కదండీ. వీళ్ళు అదే పేరు పెట్టి అమ్ముతున్నారు.

రొయ్యలచెరువు:
బారేజీకీ కాటన్ పేరే పెట్టారు కదండీ. ఆయ్.

కోనసీమ కోడలు:
నాకు తెలిసి మారియోలో పెద్ద తప్పు ఒకటే. ఇద్దరం ఆడితే మారియో చచ్చేదాకా రెండోవాళ్ళ బొమ్మ లూయిజీ ఆగాలి. అన్నయ్య చావడు! వేసవి సెలవులన్నీ రెండో జాయ్‌స్టిక్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి గుంటలోనే పడేదాన్ని, మళ్ళీ అరగంట. దాన్ని సరిచేసి అమ్మితే ఎంతైనా కొంటాను.

లాకులసెంటర్:
కోడలుగారు ఒక్క పేరాలో నా మాటంతా చెప్పేశారు. నేను నింటెండో స్విచ్ సెట్టు మీద పాత మారియో పెట్టుకుని, అందులో రివైండ్ ఉంది కదా, అది వాడుకుంటూ పోయిన ఏడాది ఎనిమిదో లోకం కోటలో యువరాణిని చూశాను. నలభై ఒకటో ఏట. మొదటిసారి.

కొబ్బరితోట:
రివైండ్ కొట్టుకుంటూ చూస్తే అది చూసినట్టా? పడ్డప్పుడల్లా వెనక్కి తిప్పుకుని గెలిస్తే గేము గెలిచినట్టు కాదు, సినిమా చూసినట్టు. సరిచేయమని అడిగేవాళ్ళలో సగం మందికి కావాల్సింది ఇదే. ఆడటం రాదు, గెలవాలి.

పులస:
అయిపోయింది. కారం పడింది.

లాకులసెంటర్:
ఎటకారం కాస్త తగ్గించండి. మీకు సెట్టు ఇంట్లో ఉండేదా?

కొబ్బరితోట:
ఉండేది. అయితే?

లాకులసెంటర్:
అదే చెబుతున్నా. మాకు లేదు. లాకుల దగ్గర ఒక రేకుల గదిలో నాలుగు టీవీలు పెట్టి అద్దెకిచ్చేవాడు. అరగంట మూడు రూపాయలు. అతని బల్ల మీద చిన్న అలారం గడియారం, మన వెనకే టిక్కుటిక్కు. మా అమ్మ కొబ్బరి పీచు పనికి వెళ్ళొచ్చి శనివారం మూడు రూపాయలిచ్చేది. 1-2లో (మొదటి లోకం, రెండో లెవెల్) పై ఇటుకల మీద పరుగెత్తి నాలుగో లోకానికి, 4-2లో తీగెక్కి ఎనిమిదో లోకానికి. అంతా సరదాకి కాదు, టైము చాలదని. ఒకసారి 8-3 దాకా వెళ్ళాను. సుత్తులు విసిరే తాబేళ్ళు ఇద్దరూ ఎదురుగా ఉన్నారు. కరెంటు పోయింది. పావుగంటకి వచ్చింది. మళ్ళీ 1-1. మిగిలిన టైమివ్వమంటే, "కరెంటు నేను తీశానా?" అన్నాడు. ఆ తర్వాత అంతదూరం ఎప్పుడూ వెళ్ళలేదు.

మీరు రోజంతా కూర్చుని నేర్చుకున్నారు. నాకు వారానికి అరగంట. నాకు ఆడటం రాదంటున్నారు చూడండి, ఆడటం వచ్చేంత సేపు ఆడనివ్వలేదు.

(చాలాసేపు ఎవరూ రాయలేదు)

కొబ్బరితోట:
ఆ మాట నేను అనాల్సింది కాదు.

మా సంగతీ చెబుతా. అన్నయ్యా నేనూ కలిసి ఆడేవాళ్ళం. 96 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి రాత్రంతా ఇంట్లో వాన. తోటలో చెట్లు సగానికి పైగా పడ్డాయి. తెల్లారి నాన్న చెట్లు లెక్కపెడుతుంటే మేమిద్దరం క్యాసెట్లు అరుగు మీద ఎండబెట్టాం. సెట్టు మళ్ళీ వెలగలేదు. కొత్తది కొనమని అడిగే రోజులు కావవి. తర్వాత చదువులు, అన్నయ్య మస్కట్. మారియోలో నాకు గుర్తున్నదంతా తలలో లేదండీ, బొటనవేళ్ళలో ఉంది. ఎక్కడ నొక్కాలో, ఎంతసేపు నొక్కాలో. కొత్తగా చేసినవి పెడితే వేళ్ళు వెళతాయి, మారియో వెళ్ళడు. అప్పుడు ఏదో తీసేసుకున్నట్టుంటుంది. మీకది చాదస్తంలా ఉండొచ్చు.

లాకులసెంటర్:
చాదస్తం అనను. కానీ మీకు కావాల్సింది మీ ఇంట్లో ఒకప్పుడు ఉన్నది. నాకు కావాల్సింది ఎప్పుడూ లేనిది. రెండూ ఒకే గేములో అడుగుతున్నాం.

కంప్యూటర్ మాస్టారు:
అందుకే ఆన్, ఆఫ్ అన్నాను.

కొబ్బరితోట:
మాస్టారూ, ఆ ఎస్‌డీఎల్‌పాప్ ఎక్కించడం ఎలాగో కాస్త చెప్పండి. మావాడికి చూపిస్తాను, అన్నీ ఆఫ్‌లో.

లాకులసెంటర్ గారూ, సేవ్ మంచిదే. ఒప్పుకుంటున్నాను. ఇటుక మాత్రం తప్పు.

లాకులసెంటర్:
ఇటుక తప్పే. ఎవరు కాదన్నారు?

కొబ్బరితోట:
అడిగినప్పుడు చెప్పొచ్చుగా అండీ ఆ ముక్క!

కోనసీమ కోడలు:
నా లూయిజీ సంగతి ఎవరూ మాట్లాడరేం?