బంకర్ హిల్ పోరు: వలసవాసులది ఓటమా, గెలుపా?

కృష్ణాతీరం:
1775 జూన్ 17న బోస్టన్‌కు ఎదురుగా ఉన్న చార్లెస్‌టౌన్ ద్వీపకల్పంలో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం తొలి రోజుల్లో, బ్రిటిష్ పాలన మీద తిరగబడిన అమెరికా వలసవాసులకూ బ్రిటిష్ సైన్యానికీ మధ్య జరిగిన బంకర్ హిల్ పోరును మా అమ్మాయి చదువుతున్న పోటీ పరీక్షల పుస్తకం "వలసవాసుల నైతిక విజయం" అని పేర్కొంది. ఆ మాటను నేను ఒప్పుకోలేకపోతున్నాను. లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో తొలి తుపాకులు పేలి అప్పటికి రెండు నెలలే అయింది. ఆ సాయంత్రానికి కొండలు, మట్టికోట, ద్వీపకల్పం మొత్తం బ్రిటిష్ సైన్యం వశమయ్యాయి. కోట కట్టినవారు ఇరుకైన భూసంధి మీదుగా వెనక్కి పోయారు. నిలుపుకోవడానికి వెళ్లిన చోటును నిలుపుకోలేకపోతే దానిని ఓటమి అనే అనాలి. కాదనేవారు తమ కారణాలు చెప్పగలరు.

చార్లెస్ నది ఒడ్డున:
నేను పదకొండేళ్లుగా బోస్టన్‌లో ఉంటున్నాను. అక్కడి స్మారక స్తంభంలోని 294 మెట్లూ పలుమార్లు ఎక్కాను. కృష్ణాతీరం గారూ, మీరు నేలను మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. బ్రిటిష్ వారు 226 మందిని పోగొట్టుకున్నారు, మరో 828 మంది గాయపడ్డారు. అంటే దాడికి దిగిన సైన్యంలో మూడో వంతుకు పైగా ఒక్క మధ్యాహ్నంలో కూలిపోయింది. వలసవాసుల నష్టం, చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు అందరినీ కలిపినా సుమారు 450. "ఎంతో ఖరీదు పెట్టి కొన్న విజయం, ఇలాంటిది ఇంకొకటి వస్తే మనం నాశనమైపోయేవాళ్లం" అని రాసుకున్నది బ్రిటిష్ సేనాని హెన్రీ క్లింటనే. ఇదే ధరకు మరో కొండను అమ్మగలిగితే బాగుండునని వలసవాసుల సేనాని నథానియల్ గ్రీన్ రాశాడు. అమ్మినవాడు సంతోషించి, కొన్నవాడు దుఃఖించిన బేరాన్ని ఎవరి ఓటమి అంటారు?

విశ్రాంత అధ్యాపకుడు:
ముందు కొండ పేరు తేల్చకుండా మీరిద్దరూ గెలుపోటములకు వెళ్లడం సరికాదు. పోరు ప్రధానంగా జరిగింది బంకర్ హిల్ మీద కాదు, బ్రీడ్స్ హిల్ మీద. జూన్ 16 రాత్రి వలసవాసుల కర్నల్ విలియం ప్రెస్కాట్ సుమారు 1,200 మందితో బయలుదేరినప్పుడు బంకర్ హిల్‌ను పటిష్ఠం చేయమనే ఆదేశం ఉంది. కాని బోస్టన్‌కు ఇంకా దగ్గరగా, ఎత్తు తక్కువగా ఉన్న బ్రీడ్స్ హిల్ మీద తవ్వారు. మీరు ఎక్కిన ఆ 221 అడుగుల స్తంభం కూడా అక్కడే ఉంది. నేను డిగ్రీ పరీక్షలో బ్రీడ్స్ హిల్ అని రాస్తే, తప్పని నాలుగు మార్కులు తీసేశారు. రెండు మార్కుల తేడాతో నా మొదటి శ్రేణి పోయింది. నలభై ఏళ్లు పాఠం చెప్పినా ఆ బాధ నన్ను వదలలేదు. దయచేసి ఇక్కడైనా సరైన పేరు వాడండి.

సీమ చదువరి:
కొండ పోయింది కనుక ఓటమే.

కృష్ణాతీరం:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది. మీరు చెప్పిన విషయం నా వాదానికే బలం ఇస్తున్నది. ఆదేశం ఒక కొండకు, తవ్వింది మరో కొండ మీద. అక్కడ తెల్లవారుజామున లైవ్లీ అనే బ్రిటిష్ యుద్ధనౌక కంట పడి, రోజంతా ఫిరంగి గుండ్లకు గురయ్యారు. అంతకంటే పెద్ద తప్పు వెనుక బంకర్ హిల్ మీద జరిగింది. అక్కడ వందల మంది గుమిగూడి ఉన్నారు; వలసవాసుల సేనాని ఇజ్రాయెల్ పుట్నమ్ గుర్రం మీద తిరుగుతూ బతిమాలినా, బెదిరించినా చాలామంది ముందుకు కదలలేదు. పిరికితనం చూపాడని కెప్టెన్ జాన్ కాలెండర్‌ను జూలైలో సైన్యం నుంచి తొలగించవలసి వచ్చింది. ముందు నిలిచినవారి ధైర్యాన్ని చూపి, వెనుక ఆగిపోయినవారి తప్పును కప్పిపుచ్చడాన్ని నేను ఒప్పుకోను.

చార్లెస్ నది ఒడ్డున:
కాలెండర్ పేరు ఎత్తారు కనుక మిగతా కథ కూడా చెప్పాలి. అతడు మామూలు స్వచ్ఛంద సైనికుడిగా తిరిగి చేరి, 1776 ఆగస్టులో లాంగ్ ఐలాండ్ పోరులో ఫిరంగుల దగ్గర చూపిన తెగువకు ఆ శిక్ష రద్దయింది. ఇక కోట ఎందుకు పడిపోయిందో చూడండి. రెండు దాడులను తిప్పికొట్టిన తరువాత మూడో దాడి వేళకు తుపాకి మందు అయిపోయింది. తుపాకి కొసకు బిగించే కత్తులు, అంటే బాయ్‌నెట్లు ఉన్నవారు బహు కొద్దిమంది. తుపాకి మడమలతోను, రాళ్లతోను పోరాడారు. వలసవాసుల నాయకుడు డాక్టర్ జోసెఫ్ వారెన్ అక్కడే ప్రాణం విడిచాడు. ఆగస్టులో వలసవాసుల సర్వసేనాని వాషింగ్టన్ లెక్క చూసుకుంటే మొత్తం సైన్యానికి మనిషికి తొమ్మిది తూటాలకు సరిపడే మందే ఉందట. రాత్రంతా తవ్వి, నిద్ర, నీళ్లు లేకుండా నిలబడినవారిని, రెండున్నర శతాబ్దాల తరువాత నీడపట్టున కూర్చుని తప్పుపట్టడం న్యాయమేనా?

విశ్రాంత అధ్యాపకుడు:
ఇంకా ఇద్దరూ బంకర్ హిల్ అనే అంటున్నారు. ఒక సంగతి మాత్రం మన ప్రాంతానికి సంబంధించినది కనుక చెబుతాను. ఆ దాడిలో తలకు గాయమైన బ్రిటిష్ కెప్టెన్ జార్జ్ హారిసే 1799లో సేనాధిపతిగా శ్రీరంగపట్నాన్ని పట్టుకున్నాడు; హైదరాబాదు నుంచి మీర్ ఆలం వెంట వెళ్లిన నిజాం సేనలు అతడి పక్షాన నడిచాయి. అతడి కంపెనీలోనే ఉన్న లెఫ్టినెంట్ రాడన్ 1813లో గవర్నర్ జనరల్ అయ్యాడు. అక్కడి దెబ్బ తిన్నవారే ఇక్కడికి వచ్చారు.

కృష్ణాతీరం:
"నీడపట్టున కూర్చుని" అన్నారు కనుక దాపరికం లేకుండా చెబుతాను. మా ఊరు ఒక జలాశయం కింద మునిగిపోయింది. ఆనాడు మా నాన్నగారికి చెప్పిన మాట "ఇది అందరి విజయం" అనే. విజయం ఎక్కడెక్కడికో నీళ్లై పారింది. మా ఇల్లు, గుడి, మా తాతగారి సమాధి నీటి అడుగున ఉండిపోయాయి. బంకర్ హిల్ లెక్కలు చదివిన ప్రతిసారీ నాకు గుర్తుకు వచ్చేది చార్లెస్‌టౌన్. ఆ మధ్యాహ్నం బ్రిటిష్ ఫిరంగులు ఆ పట్టణాన్ని దాదాపు 400 కట్టడాలతో కాల్చి బూడిద చేశాయి. మీరు బ్రిటిష్ వారి 1,054 అనే అంకెను చూపిస్తారు, 450ని చూపిస్తారు. ఆ ఇళ్లవారు ఏ లెక్కలో ఉన్నారు? అవతలివారి శవాలను లెక్కపెట్టి గెలిచామనుకునేవారు తమ ఊరి బూడిదను కూడా పక్కన పెట్టి లెక్క వేయాలి. మొదటి నుంచి నేను అడగదలచింది ఇదే. కొండ సంగతి నాకు అంత ముఖ్యం కాదు.

సీమ చదువరి:
ఆ లెక్కలో ఇంకొకరు కూడా ఉన్నారు. సేలం పూర్ అనే నల్లజాతి సైనికుడు ఆ పోరులో చూపిన పరాక్రమాన్ని మెచ్చుకుంటూ 14 మంది అధికారులు డిసెంబరులో విన్నపం రాశారు. అంతకు నెల ముందే నల్లజాతివారిని చేర్చుకోవద్దని అదే సైన్యం ఆదేశం ఇచ్చింది. సంవత్సరం చివర గాని అందులో కొంత సడలింపు రాలేదు.

చార్లెస్ నది ఒడ్డున:
మీ ఊరి విషయం నాకు తెలియదు. నా మాట నొప్పించి ఉంటే క్షమించండి. అయినా నా అభిప్రాయం మారలేదు. ఒక పోరు ఫలితాన్ని ఆ సాయంత్రమే తేల్చలేమని నా వాదం. 1776 మార్చిలో వలసవాసులు బోస్టన్ పక్కనే ఉన్న డార్చెస్టర్ ఎత్తుల మీద మళ్లీ ఒక్క రాత్రిలో కోట లేపి, హెన్రీ నాక్స్ టైకాండరోగా కోట నుంచి తెచ్చిన ఫిరంగులను అక్కడ పెట్టారు. బ్రిటిష్ జనరల్ హౌ మొదట దాడికి సిద్ధపడి, తుఫాను వచ్చాక ఆ ఆలోచన విరమించుకుని, మార్చి 17న బోస్టన్‌నే విడిచి వెళ్లాడు. బ్రీడ్స్ హిల్ మీద తన మనుషులు వరుసలుగా పడిపోవడం కళ్లారా చూసినవాడు అతడే.

విశ్రాంత అధ్యాపకుడు:
బ్రీడ్స్ హిల్ అని రాసినందుకు కృతజ్ఞతలు.

కృష్ణాతీరం:
డార్చెస్టర్ గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. హౌ మనసులో ఆ కొండ ఉండే ఉంటుంది. అయితే భూసంధి దగ్గర సైన్యాన్ని దింపి వెనుక దారి మూసేద్దామని క్లింటన్ చెప్పిన మాటను ఆ రోజు విని ఉంటే, ప్రెస్కాట్ మనుషులందరూ పట్టుబడేవారు. మీరు విజయం అంటున్నది శత్రువు చేసిన పొరపాటు మీద నిలిచి ఉంది. ఇక చార్లెస్‌టౌన్ గురించి నేను అడిగినదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.