ఓడలో ఫార్మల్ డిన్నర్‌కు నాన్నగారు పంచె కట్టుకుని వెళ్ళవచ్చా?

పటమట ప్రయాణికుడు:
సంక్రాంతి వెళ్ళాక అమ్మను, నాన్నగారిని తీసుకుని సింగపూర్ నుంచి బయలుదేరే విహార ఓడ (క్రూయిజ్) ఎక్కుతున్నాము. టికెట్లతో పాటు ఒక కాగితం వచ్చింది. అందులో ఒక రాత్రి ‘ఫార్మల్’ అట. మగవాళ్ళు సూటు, టై లేదా టక్సీడో (విందులకు బో టైతో వేసుకునే నల్ల సూటు) వేసుకోవాలి, ఆడవాళ్ళు గౌను లేదా అంతటి హుందా అయిన దుస్తులు. అమ్మకు బెంగ లేదు, పట్టుచీర తీసి పక్కన పెట్టేసింది. సమస్య నాన్నగారితోనే. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. పాఠం చెప్పినా పంచెతోనే, మా పెళ్ళిళ్ళు చేసినా పంచెతోనే. అమెరికాలో ఉన్న అన్నయ్య ఫోన్ చేసి, “ఒక్క రాత్రికి సూటు అద్దెకు తీసుకోండి, నలుగురిలో ఇబ్బంది పడకండి” అన్నాడు. నాన్నగారేమో, “ఓడ ఎక్కమంటే ఎక్కుతాను గానీ, గొంతుకు ఆ ఉరి బిగించుకోను” అని తేల్చేశారు. మధ్యలో నేను నలుగుతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట బాబాయి:
సూటే. ఇందులో చర్చ ఏముంది? తిరుమలలో కల్యాణోత్సవానికి ప్యాంటు, చొక్కాతో వెళితే లోపలికి పంపరు కదా. పంచె, కండువానో, కుర్తా, పైజామానో ఉండాల్సిందే. అక్కడ మనం ఎదురు మాట్లాడతామా? నోరెత్తకుండా దుకాణంలో పంచె కొని చుట్టుకుంటాము. ఓడవాడు తన పద్ధతి ముందే కాగితం మీద రాసి పంపాడు, మనం చదివాకే ఎక్కుతున్నాము. తినేది వాళ్ళ బల్ల మీద, కట్టు మాత్రం మన ఇష్టం అంటే ఎలా?

కృష్ణలంక:
బాబాయి గారూ, తిరుమలకు వెళ్ళేది మొక్కు తీర్చుకోవడానికి, ఓడలోకి వెళ్ళేది డబ్బు కట్టి అన్నం తినడానికి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఇక నియమం మాట. విహార ఓడల కంపెనీల్లో ఈ దుస్తుల పట్టింపు బాగా ఉన్నది కునార్డ్‌కు. వాళ్ళు కూడా గాలా రాత్రులకు (ఫార్మల్ రాత్రులను వాళ్ళు అలా అంటారు) టక్సీడో, ముదురు రంగు సూటుతో పాటు ఆయా దేశాల సంప్రదాయ దుస్తులు కూడా సమ్మతమేనని తమ నియమాల్లోనే రాసుకున్నారు. స్కాట్లాండ్ మగవాళ్ళు కిల్టు (గళ్ళ పావడా) కట్టుకుని దర్జాగా కూర్చుంటారు. మోకాళ్ళు కనిపించే కిల్టు పనికొచ్చినప్పుడు మడమల దాకా దిగే జరీ పంచె ఎందుకు పనికిరాదు? నార్వీజియన్ అనే ఓడల కంపెనీ వాళ్ళయితే ఫార్మల్ దుస్తులు తప్పనిసరి అనడమే మానేశారు. సెలబ్రిటీ కంపెనీ 2015లోనే ఫార్మల్ రాత్రుల పేరు, నియమం రెండూ సడలించింది.

ఇంకొకటి. 2014 జూలైలో చెన్నైలో ఒక క్రికెట్ సంఘం క్లబ్బు, పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే గుమ్మంలో ఆపేసింది. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం తెచ్చింది. పంచె కట్టాడన్న కారణంతో ఆపితే క్లబ్బు లైసెన్సు పోతుంది, ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా కూడా.

బ్రాడీపేట బాబాయి:
ఆ చట్టం మెరీనా బీచి దాటితే చెల్లదు నాయనా. ఈ పెద్ద ఓడల్లో చాలావాటి మీద ఎగిరేది బహామాస్ జెండానో, బెర్ముడా జెండానో. నడిసముద్రంలో తమిళనాడు చట్టం పుస్తకం తీసి చూపిస్తారా?

సత్యనారాయణపురం శాస్త్రి:
1931లో గాంధీగారు రాజపుతానా అనే ఓడ ఎక్కి లండన్ వెళ్ళారు. ఆ కొల్లాయి గుడ్డతోనే బకింగ్‌హామ్ రాజభవనంలో ఐదో జార్జి చక్రవర్తి ఇచ్చిన తేనీటి విందుకు కూడా వెళ్ళారు. రాజు ఇంట్లో చెల్లింది, ఓడవాడి హోటల్లో చెల్లదా?

బ్రాడీపేట బాబాయి:
ఆయనను రాజే పిలిచాడు. మనం టికెట్ కొని వెళుతున్నాము. పైగా ఆయన గాంధీ.

లక్ష్మీపురం కోడలు:
నాకు ఒక్క విషయం అర్థం కాదు. చీర విషయంలో ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. అమ్మగారు పట్టుచీర పక్కన పెట్టేశారు, కథ ముగిసింది. అదే మగవాడి పంచె దగ్గరకు వచ్చేసరికి చట్టాలు, జెండాలు, గాంధీగారు, బకింగ్‌హామ్! మన పెళ్ళిళ్ళలో చూడండి. పెళ్ళికూతురు పట్టుచీరలోనే ఉంటుంది, పెళ్ళికొడుకు తలంబ్రాలయ్యాక రిసెప్షన్‌కు సూటు వేసుకుని చెమటలు కక్కుతాడు. చీర గొప్పింటి విందుకు సరిపోతుందని, పంచె సరిపోదని మనకు మనమే ఎప్పుడో తీర్మానించుకున్నాము. ఓడవాడి కన్నా ముందు మన ఇళ్ళలోనే ఆ నియమం ఉంది. పాపం ఆ అన్నయ్య ‘ఇబ్బంది పడకండి’ అన్నది తెల్లవాళ్ళను చూసి కాదు, అదే ఓడలో కనిపించే మనవాళ్ళను తలచుకుని.

దయచేసి ‘విదేశీయులు ఎంతగానో మెచ్చుకుంటారు, ఫొటోలు దిగుతారు’ అని మాత్రం ఎవరూ రాయకండి. పెద్దాయన భోజనానికి వెళుతున్నారు, ప్రదర్శనకు కాదు.

అమ్మగారికి ఒక మాట: మామూలు గదిలో ఇద్దరు ఒకేసారి అటూ ఇటూ తిరగలేరు. మంచం పోగా మిగిలిన సందులో కుచ్చిళ్ళు పెట్టుకోవాలి. బరువైన కంచిపట్టు బదులు మంగళగిరి పట్టు చీరో, వెంకటగిరి చీరో తీసుకెళ్ళమనండి, సూటుకేసులో బరువు కూడా తగ్గుతుంది. పిన్నీసులు ఇక్కడి నుంచే తీసుకెళ్ళాలి. భోజనశాలలో చలి బాగా ఉంటుంది, శాలువా మరిచిపోవద్దు.

కొత్తపేట దర్జీ:
సూటు అద్దెకు తీసుకోవద్దండి. అద్దె సూట్లు పెళ్ళికొడుకుల కొలతలకు ఉంటాయి. డెబ్బై ఏళ్ళ మనిషికి భుజం జారుతుంది, పొట్ట దగ్గర గుండీ పడదు. కొత్తది కుట్టించినా మళ్ళీ ఎప్పుడు వేస్తారు? టై ఇష్టం లేకపోతే మెడ దాకా గుండీలు పెట్టే జోధ్‌పురి కోటు కుట్టించండి. ఎక్కడికైనా నప్పుతుంది.

పటమట ప్రయాణికుడు:
జోధ్‌పురి సంగతి నిన్ననే నాన్నగారితో అన్నాను. ఆ మెడపట్టీ ఫొటో చూసి, “టై అయినా వదులు చేసుకోవచ్చు, ఇది అదీ కుదరదు” అన్నారు.

ఓడ వంటశాల (గుంటూరు):
నేను కొన్నేళ్ళు ఓడ భోజనశాలలో వడ్డన పని చేసి వచ్చాను. మీరంతా నియమం రాసిన కాగితం చూస్తున్నారు, గుమ్మం దగ్గర నిలబడ్డవాడు దేన్ని చూస్తాడో చెబుతాను.

మొదట పాదాలు, తరువాత మోకాళ్ళు. షార్ట్సు, చేతుల్లేని బనీను, ఈత దుస్తులు, టోపీ, రబ్బరు చెప్పులు. ఆపేది వీటినే. వచ్చిన మనిషి తయారై వచ్చాడా, ఈతకొలను దగ్గర నుంచి నేరుగా లేచి వచ్చాడా అన్నదే అక్కడ చూసేది. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, జరీ అంచు పంచె, భుజాన కండువా వేసుకుని ఒక పెద్దాయన నడిచి వస్తే ఆపేవాణ్ణి నేను చూడలేదు. కుర్చీ వెనక్కి లాగి కూర్చోబెడతారు. కానీ అదే పంచె నలిగి, సగానికి పైకి మడిచి కట్టి, కింద హవాయి చెప్పులు ఉంటే ఆపవచ్చు. ఆపితే ‘మా సంస్కృతిని అవమానించారు’ అనడం సరికాదు.

అసలు కష్టం ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టెలను చాలా ఓడల్లోకి రానివ్వరు. అగ్నిప్రమాదం భయం. సామాను స్కానర్‌లో చూసి తీసేసి, దిగేటప్పుడు ఇస్తారు. ఆవిరితో ముడతలు తీసే చిన్న పరికరాలదీ అదే గతి. కొన్ని కంపెనీల ఓడల్లో ప్రయాణికులే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గది ఉంటుంది, చాలావాటిలో ఉండదు. కాబట్టి గంజి పెట్టిన నూలు పంచె సూటుకేసులో మడత పెట్టి తీసుకెళితే తెరిచేసరికి గీతలు గీతలుగా ఉంటుంది. ఎక్కిన రోజే లాండ్రీకి ఇచ్చి ఇస్త్రీ చేయించండి. డబ్బులు తీసుకుంటారు, కానీ సాయంత్రానికి వెతుక్కోనక్కరలేదు. లేదా పట్టు పంచె తీసుకెళ్ళండి, నూలు కన్నా తక్కువ నలుగుతుంది.

ఇక కార్డు. గది తలుపు తెరవాలన్నా, ఏదైనా కొనాలన్నా, రేవులో దిగి మళ్ళీ ఎక్కాలన్నా ఒకటే ప్లాస్టిక్ కార్డు. పెద్దవాళ్ళు దాన్ని పంచె మడతలో దోపుతారు, అది ఎక్కడో జారిపోతుంది. లాల్చీకి లోపలి జేబు కుట్టించండి. దర్జీ గారు ఇక్కడే ఉన్నారు కదా.

బ్రాడీపేట బాబాయి:
అనుభవం ఉన్నవాళ్ళ మాట కాదనను. కానీ పై అంతస్తులో గాలి సంగతి చెప్పలేదు. భోజనం కాగానే డెక్కు మీదకు వెళదాం అంటారు. సముద్రపు గాలికి పంచె నిలుస్తుందా? సూటుకు ఆ బాధ లేదు.

సత్యనారాయణపురం శాస్త్రి:
గోచీ పోసి కట్టుకుంటే తుపాను గాలికైనా కదలదు. అడ్డపంచె చుట్టుకునేవాళ్ళకే ఆ భయం.

కృష్ణలంక:
ఇప్పుడు అంటించుకునే పట్టీలతో, జేబుతో సహా రెడీమేడ్ పంచెలు వస్తున్నాయి. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌లో అడగండి.

పటమట ప్రయాణికుడు:
రెడీమేడ్ పంచె అని ఆయన ముందు అంటే నన్నే ఓడలోంచి దింపేస్తారు.

లక్ష్మీపురం కోడలు:
అందరూ ఇంత రాశారు గానీ, ఆ రాత్రి బఫేకు వెళ్ళిపోతే పోతుంది కదా? అక్కడ సూటూ అక్కరలేదు, పంచె గొడవా లేదు. తొమ్మిది గంటలకు నిద్రపోయే మనిషిని ఎందుకు సతాయించడం?

ఓడ వంటశాల (గుంటూరు):
వెళ్ళవచ్చమ్మా, ఎవరూ కాదనరు. కానీ పెద్దాయన శాకాహారి అయితే ఒకసారి ఆలోచించండి. పెద్ద భోజనశాలలో రోజూ ఒకే బల్ల తీసుకుంటే వడ్డించేవాళ్ళు కూడా రోజూ వాళ్ళే వస్తారు. మొదటి రాత్రే పెద్ద వెయిటర్‌ను పిలిచి ‘మాంసం, చేప, గుడ్డు ఏవీ తినరు, కొంచెం కారంగా ఉండాలి’ అని చెబితే రాసుకుంటారు. మరుసటి రోజుకు ఏం చేయించమంటారని వాళ్ళే అడుగుతారు. వంటశాలలో మన దేశపు వంటవాళ్ళు చాలామంది ఉంటారు, పప్పు, అన్నం, కూర ప్రత్యేకంగా వస్తాయి. బఫేలో ఆ సౌకర్యం ఉండదు, ఏ గిన్నెలో ఏముందో బోర్డులు చదువుకుంటూ తిరగాలి. ఫార్మల్ రాత్రి చాలాచోట్ల ప్రత్యేకంగా వడ్డించేది లాబ్‌స్టర్ (పెద్ద సముద్రపు రొయ్య లాంటిది). అది ఎలాగూ మీకు పనికిరాదు. కానీ అలవాటైన బల్ల, పేరు పెట్టి పలకరించే మనిషి ఉంటారు. పెద్దవాళ్ళకు అదే ముఖ్యం.

చాలా ఓడల్లో ఆ రాత్రి రేవులు లేని రోజున పెడతారు. పగలంతా ఖాళీయే కాబట్టి తయారవడానికి తొందర ఉండదు. హాల్లో ఫొటోలవాళ్ళు తెరలు కట్టి నిలబడతారు. తీయించుకోవడం ఉచితం, కాగితం మీద కావాలంటే డాలర్లలో కట్టాలి. చాలామంది సూట్లు మోసుకొచ్చేది ఆ తెర ముందు నిలబడటానికే.

పటమట ప్రయాణికుడు:
ఇవన్నీ చదివాక టికెట్లు తీసిన ఏజెంటు ద్వారా కంపెనీకి ఈమెయిలు పెట్టించాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: సంప్రదాయ దుస్తులు పరవాలేదు, రబ్బరు చెప్పులు మాత్రం వద్దు. ఆ ముక్క అన్నయ్యకు పంపాను. “సరే, అయితే బూట్లు కొనండి” అన్నాడు. నాన్నగారికి తోలు చెప్పులు తప్ప వేరేవి అలవాటు లేవు. వెనక పట్టీ ఉన్నవి తీసుకుంటే సరిపోతుందా?

బ్రాడీపేట బాబాయి:
పంచె మీద బూట్లేమిటి? చూడటానికి అసహ్యంగా ఉంటుంది. పాతకాలపు ప్లీడర్లు తప్ప ఎవరూ అలా వేయరు. పంచె కట్టాలనే నిర్ణయించుకుంటే తోలు చెప్పులే వేయించండి. నా ఓటు ఇప్పటికీ సూటుకే, అది వేరే విషయం.

ఓడ వంటశాల (గుంటూరు):
వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు, పాలిష్ పెట్టినవి, సరిపోతాయి. అడుగు భాగం జారకుండా ఉందో లేదో చూసుకోండి. ఓడ ఊగినప్పుడు పాలరాయి మెట్ల మీద పెద్దవాళ్ళకు ప్రమాదం.

పటమట ప్రయాణికుడు:
కొత్తపేట దర్జీ గారూ, లాల్చీ ఒకటి కొలతకు ఇస్తాను. లోపలి జేబు ఎడమవైపు కుట్టాలి, కార్డు అడ్డంగా పట్టాలి, పైన గుండీ ఉండాలి. శనివారం నాటికి అవుతుందా?

కొత్తపేట దర్జీ:
పెళ్ళిళ్ళ పని ఉందండి. సోమవారం తీసుకోండి.