పండగ సీజన్ మధ్యలో ఆర్డర్లు ఆపేయడం తెలివా, చేజేతులా చెడగొట్టుకోవడమా?

కౌంటర్ వెనక
కప్పుల మీద పేర్లు ముద్రించి ఇచ్చే చిన్న వ్యాపారం నాది. నేను, ఇద్దరు పనివాళ్లు, ఒక మెషీన్. పోయిన సీజన్‌లో రాత్రి 2 గంటలకి 40 కప్పుల ఆర్డర్ పూర్తి చేశాం. పొద్దున పెట్టెల్లో సర్దుతుంటే కంటబడింది: అన్నిటి మీదా పేరులో ఒత్తు ఎగిరిపోయింది. ఫైలు చూసిందీ నేనే, సరే అన్నదీ నేనే. మళ్లీ చేద్దామంటే ఖాళీ కప్పులు లేవు. ఆ కస్టమర్ అరిచి ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా డబ్బు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు.

అందుకే ఈసారి పండగకి 10 రోజుల ముందే ఆర్డర్లు బంద్ అని బోర్డు పెట్టాను. వచ్చే లక్ష్మిని కాలదన్నుతున్నావని ఇంట్లో గొడవ. నా లెక్క వేరు. పని ఎక్కువైనందుకు కాదు నాకు టెన్షన్, చేయలేనని తెలిసీ మాట ఇచ్చినందుకు. మీరేమంటారు?

చిట్టా పుస్తకం
మీ బాధ అర్థమైంది కానీ మందు తప్పు. నేను సీజన్ సరుకంతా అప్పు మీద తెస్తాను. గిరాకీ లేని నెలల అద్దె, జీతాలు ఈ కొద్ది వారాల్లోనే రావాలి. నాకు నిద్ర పట్టనిది రద్దీ రోజుల్లో కాదు, సీజన్ అయిపోయాక అరల్లో మిగిలిన పెట్టెలు చూసినప్పుడు. పైగా మీరు కాదన్న మనిషి పక్క షాపుకి వెళ్తాడు, అక్కడే అలవాటు పడతాడు. మరో మనిషిని పెట్టుకోండి, ఆర్డర్లు మాత్రం ఆపకండి.

లెక్కల పిచ్చి
చిట్టా గారూ, సీజన్ మధ్యలో కొత్త మనిషిని పెడితే మొదటి వారం నేర్పించేవాడి పని కూడా ఆగుతుంది. ఆ పని ముందే చేయాలి.

ఇక ఆర్డర్ల సంగతి. ఒక మెషీన్, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఆర్డర్లు. వరుసల (క్యూల) గణితంలో మొట్టమొదట నేర్పే లెక్క ఇదే. మెషీన్ 80 శాతం సమయం పనిలో ఉంటే షాపులో సగటున 4 ఆర్డర్లు ఉంటాయి. 90 శాతానికి 9. 95 శాతానికి 19! పని పెరిగింది కాస్తే, వరుస మాత్రం చాంతాడంత. అసలు షాపు ఇంత నీటుగా నడవదు, నిజమే. కానీ మెషీన్ ఖాళీగా కనిపించే ఆ కాసేపే మిమ్మల్ని కాపాడుతోంది, దాన్ని నింపేయాలని చూడకండి.

ఆ ఒత్తు సంగతి కూడా. 1997లో నేచర్ పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. 17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయిందట. చాలా దేశాల్లో ఆ స్థాయిలో బండి నడిపితే నేరం. మనం ఆ స్థితిలోనే ఫైళ్లకి సరే అంటున్నాం.

మూడో మనిషి
నేను ఓనర్‌ని కాదు, ఇలాంటి షాపులో పనిచేస్తాను. ఇంతసేపూ ఓనర్ల టెన్షనే నడుస్తోంది. మా ఓనర్ ఫోన్‌లో "అయిపోతుందండీ, రేపు వచ్చి తీసుకెళ్లండి" అంటారు. ఆ రేపు ఎవరి చేతుల మీద తయారవుతుందో వినేవాళ్లకి తెలీదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిందేమిటంటే, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే. బోర్డు పెట్టినందుకు కౌంటర్ గారికి నా ఓటు.

చిట్టా పుస్తకం
అది ఏళ్ల తరబడి అలా పనిచేసేవాళ్ల సంగతి. మూడు వారాల సీజన్‌కి అంటగట్టకండి.

మూడో మనిషి
మూడు వారాలే అన్నా. కానీ ఏడాదికి మూడు సీజన్లు వస్తాయి మా దగ్గర, ప్రతిసారీ "ఈ ఒక్కసారికే" అనే అంటారు.

చిట్టా పుస్తకం
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. నేనూ అంటుంటాను. అయినా బంద్ బోర్డు పెట్టమనను. పేరు ముద్రించే పని ఆపి, సిద్ధంగా ఉన్న డిజైన్లు అమ్మండి. పేరు కావాల్సిందే అంటే పండగ తర్వాత ఇస్తామని రాసివ్వండి. తలుపు తెరిచే ఉంటుంది, రాత్రి 2 గంటల పనీ ఉండదు.

లెక్కల పిచ్చి
ఇది బాగుంది. అవసరం లేనివాళ్లు వాళ్లంతట వాళ్లే పండగ తర్వాతకి జరుగుతారు. రష్ చార్జీ పెట్టమనేవాళ్లూ ఉంటారు, నాకు నచ్చదు. డబ్బు ఎక్కువ ఇచ్చినవాడు గంటకోసారి ఫోన్ చేస్తాడు.

కౌంటర్ వెనక
చిట్టా గారి మాట విని బోర్డు మార్చాను: "పేర్ల ఆర్డర్లు పండగ తర్వాతే. తయారైనవి ఇప్పుడే." నిన్న పొద్దున్నించీ ముగ్గురు చదివి వెళ్లిపోయారు, ఇద్దరు తయారైనవి కొన్నారు. ఇప్పుడే ఒక పాత కస్టమర్ ఫోన్. 12 కప్పులేనట, మీ చేతిలో పనేగా అంటున్నారు. పది నిమిషాల్లో చెబుతానని పెట్టేశాను. మా పనివాళ్లిద్దరూ నా వైపే చూస్తున్నారు.